కాలు పోతే ఎంత వస్తుంది? ప్రమాద పరిహారంపై అపోహలు - వాస్తవాలు

రోడ్డు ప్రమాదంలో కాలో చెయ్యో పోగొట్టుకున్నవారి తరఫున పరిహారం కేసులు వాదించడం నా వృత్తి. వచ్చిన ప్రతి కుటుంబమూ ముందు అడిగేది "కాలు పోతే ఎంత వస్తుందండీ?" అని. "ప్రమాదానికి ముందు ఏం పని చేసేవారు?" అని నేను ఎదురు అడుగుతాను. నేను మాట దాటేస్తున్నానని చాలామంది అనుకుంటారు. కానీ అసలు లెక్క మొదలయ్యేది ఆ ప్రశ్న దగ్గరే.

అపోహ: సదరం (ప్రభుత్వ వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్‌లో ఎంత శాతం వేస్తే అంతే పరిహారం.

డాక్టరు రాసేది శరీరానికి కలిగిన వైకల్యం. ప్రమాద పరిహారం తేల్చే కోర్టు, అంటే ట్రైబ్యునల్, చూడాల్సింది సంపాదనకు కలిగిన నష్టం. ఈ రెండూ వేర్వేరని సుప్రీంకోర్టు 2010లో రాజ్ కుమార్ కేసులో విడమరిచి చెప్పింది. ఎడమ చెయ్యి పోతే వైకల్యం 60 శాతమే కావచ్చు. కానీ ఆ మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు పూర్తిగా పోయినట్టే. అదే ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా అయితే ఉద్యోగం నిలబడవచ్చు, అప్పుడు సంపాదన నష్టం కింద వచ్చేది తగ్గుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. 28 ఏళ్ల సెంట్రింగ్ కార్మికుడు, నెలకు 15,000 రూపాయల సంపాదన, మోకాలి పైన కాలు తీసేశారు. ఏడాది ఆదాయం 1,80,000. సొంతంగా పని చేసుకునేవారికి 40 ఏళ్ల లోపు వయసుంటే ముందు ముందు పెరగబోయే ఆదాయం కింద 40 శాతం కలపాలని 2017 నాటి ప్రణయ్ సేథీ తీర్పు చెబుతోంది. గాయాల కేసులకూ ఇది వర్తిస్తుందని తర్వాతి తీర్పులు ఖాయం చేశాయి. కలిపితే 2,52,000. ఏడాది ఆదాయాన్ని ఎంతతో హెచ్చవేయాలో వయసును బట్టి చెప్పే అంకె గుణకం. 2009 నాటి సర్లా వర్మ తీర్పులోని పట్టిక ప్రకారం 26 నుంచి 30 ఏళ్ల వారికి అది 17. మొత్తం 42,84,000. డాక్టరు వేసిన 70 శాతమే తీసుకుంటే చేతికొచ్చేది 29,98,800. పరంజా ఎక్కలేని మనిషికి సెంట్రింగ్ పని లేదు కాబట్టి నష్టం 100 శాతమని ఒప్పించగలిగితే మొత్తం 42,84,000. అంటే 12,85,200 రూపాయల తేడా. వైద్య ఖర్చులు, నొప్పి, బాధ, సహాయకుడి ఖర్చు, కృత్రిమ కాలు వీటికి అదనం.

ఒప్పించడానికి మాటలు చాలవు. మేస్త్రి దగ్గరున్న హాజరు పుస్తకం, ఫోన్‌పేలో వారం వారం పడిన కూలి డబ్బులు, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు, వీలైతే మేస్త్రి సాక్ష్యం కావాలి. వైకల్యం గురించి డాక్టరు కోర్టుకు వచ్చి చెప్పాలి. సర్టిఫికెట్ దాఖలు చేసి ఊరుకుంటే బీమా కంపెనీ వకీలుకు పని తేలికవుతుంది.

అపోహ: ఎఫ్ఐఆర్ ఆలస్యమైతే కేసు పోయినట్టే.

ఆలస్యం ఒక్కటే కారణంగా క్లెయిమ్ కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. నిజానికి నన్ను భయపెట్టేది ఎఫ్ఐఆర్ కాదు, ఆసుపత్రిలో మొట్టమొదట రాసిన కాగితం. రక్తం కారుతున్న మనిషిని తీసుకొచ్చినవారు పోలీసు గొడవకు జడిసి "బండి మీద నుంచి పడ్డాడు" అంటారు. డ్యూటీలో ఉన్నవారు అదే రాసుకుంటారు. ఎంఎల్‌సీ రిజిస్టర్‌లోని (పోలీసు కేసయ్యే గాయాలను ఆసుపత్రి నమోదు చేసే పుస్తకం) ఆ ఒక్క వాక్యాన్ని రెండేళ్ల తర్వాత బీమా వకీలు బయటకు తీసి, "అయితే మీ అంతట మీరే పడ్డారన్నమాట" అని అడుగుతాడు. గుద్దిన లారీ ఊసే ఆ కాగితంలో ఉండదు. అందుకే రోగి ఆసుపత్రిలో ఉండగానే కేస్ షీట్ నకలు అడగండి. తప్పు రాసి ఉంటే పోలీసులకు ఇచ్చే వాంగ్మూలంలో అసలు జరిగింది, బండి నంబరుతో సహా, వెంటనే చెప్పండి.

అపోహ: లైసెన్సు లేదు, ముగ్గురం ఎక్కాం, మాకేమీ రాదు.

చలానా పడుతుంది, పరిహారం పోదు. ఆ తప్పు వల్లే ప్రమాదం జరిగిందని గానీ, గాయం ఎక్కువైందని గానీ అవతలివాళ్లు రుజువు చేస్తేనే కోత.

అపోహ: ప్రమాదం ఎక్కడ జరిగితే అక్కడే, ఎప్పుడైనా వేసుకోవచ్చు.

రెండూ తప్పే. బెంగళూరులో గుద్దినా మీరు ఉండేది అనంతపురంలో అయితే అక్కడి ట్రైబ్యునల్‌లోనే ఓపీ, అంటే పరిహారం పిటిషన్, వేయవచ్చు. గడువు మాత్రం, 2022 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు. ఇది న్యాయమా అన్న వివాదం సుప్రీంకోర్టులో ఉంది. గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వులు వచ్చాయి. కాలు తీసేసిన మనిషి ఆరు నెలలు మంచానికే పరిమితమవుతాడని చట్టం చేసినవారికి తట్టలేదు కాబోలు. అయినా మధ్యంతర ఉత్తర్వులను నమ్ముకుని కూర్చోవద్దు.

గుద్దిన బండి దొరక్కపోతే తీవ్ర గాయానికి ప్రభుత్వ పథకం కింద వచ్చేది 50,000 మాత్రమే. ఇక ఫ్యాక్టరీ యంత్రంలో చెయ్యి పడితే దారి వేరు. ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉంటే అక్కడికి, లేకపోతే ఉద్యోగుల పరిహారం కోసం కార్మిక శాఖకు వెళ్లాలి.

అపోహ: జైపూర్ కాలు ఉచితంగా ఇస్తున్నారు కదా, దానికి డబ్బు అడగకూడదు.

ఎందుకు అడగకూడదు? కృత్రిమ కాలు జీవితాంతం ఉండేది కాదు. కొన్నేళ్లకు మార్చాలి, మధ్యలో మరమ్మతులు, అతుకు దగ్గర పుండ్లు. మార్పిడి, నిర్వహణ ఖర్చులు కలిపి ఇవ్వాలని 2022లో సుప్రీంకోర్టు ఒక ఆర్టీసీ బస్సు బాధితుడి కేసులో చెప్పింది. కాలు తయారుచేసే సంస్థ నుంచి ధర, మన్నిక రాయించుకుని దాఖలు చేయాలి. అడగనిది ట్రైబ్యునల్ తనంతట తాను ఊహించి ఇవ్వడం అరుదు.

అపోహ: వకీలుకు ముప్పై శాతం ఇస్తేగానీ కేసు నడవదు.

వచ్చే సొమ్ములో వాటా అడగడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. మావాళ్లలో కొందరు అడుగుతారు, వార్డు బయట తిరిగే ఏజెంట్లు అంతకన్నా ఎక్కువ అడుగుతారు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టవద్దు. అవయవం కోల్పోయి వైకల్యం వచ్చిన వ్యక్తికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి.

లోక్ అదాలత్‌లో రాజీకి నేను వ్యతిరేకిని కాను. డబ్బు త్వరగా వస్తుంది. కానీ అక్కడ సంతకం పెట్టాక అప్పీలు ఉండదు. బీమా కంపెనీ చెప్పిన అంకెలో సంపాదన నష్టం ఎంత, కృత్రిమ కాలికి ఎంత అని విడివిడిగా అడిగి, అవి తెలిశాకే పెన్ను పట్టుకోండి.