పదిహేను మీటర్ల గొట్టంలో బీరు ఏమవుతుంది?

అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో కూతురి దగ్గర వేసవి గడిపి వచ్చిన ఒక పాఠకురాలు ఈమధ్య నాకు ఉత్తరం రాశారు. వాళ్ల పేటలో జరిగిన వీధి ఉత్సవంలో, ఇళ్లలో సొంతంగా బీరు తయారు చేసుకొనేవాళ్ల సంఘం ఒకటి డేరా వేసి, తమ బీరును చిన్న గ్లాసుల్లో రుచి చూపించిందట. ఆవిడ తాగలేదు గానీ, పక్కనే నిలబడి అంతా శ్రద్ధగా చూశారు. బల్ల కింద స్టీలు పీపాలు, బల్ల మీద చేపల బుట్టంత నీలం ఐసుపెట్టె, దాని ముందు భాగానికి బిగించిన రెండు కుళాయిలు ఉన్నాయి. మూత తీసి చూపించమని అడిగితే లోపల ఐసు నీళ్లలో చుట్టలు చుట్టుకొన్న సన్నని స్టీలు గొట్టం కనిపించింది. పొడవు ఎంతని అడిగితే యాభై అడుగులన్నారు. “పీపాకూ కుళాయికీ మధ్య మూరెడు దూరం లేదు. చల్లబరచడానికే అయితే పీపానే ఐసులో పెట్టవచ్చు కదా, ఇంత గొట్టం దేనికి?” అన్నది ఆవిడ ప్రశ్న.

ఎంతో మంచి ప్రశ్న ఇది. ఆ పెట్టెను అక్కడివాళ్లు జాకీ బాక్స్ అంటారు. అది చేసే పని చల్లబరచడం ఒక్కటే కాదు, అసలు పని మరొకటి ఉంది.

ముందుగా చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇంటి అవసరానికి బీరు చేసుకోవడాన్ని పన్ను నుంచి మినహాయించే చట్టంపై అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1978లో సంతకం చేశారు. ఆ బీరును అమ్మకూడదు. ఇంట్లో చేసిన బీరును ఇంట్లోనే తాగాలని పోర్ట్‌లాండ్ ఉన్న ఒరెగన్ రాష్ట్ర చట్టానికి 2010లో అర్థం చెప్పడంతో ఆ ఏడాది రాష్ట్ర ప్రదర్శనలో జరగవలసిన గృహ బీరు పోటీ ఆగిపోయింది. 2011లో చట్టాన్ని సవరించిన తరువాతే ఇలాంటి బీరు మళ్లీ నిశ్చింతగా గడప దాటింది. మన రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారు చేయడం నేరం కనుక, ఈ వ్యాసాన్ని తయారీ పాఠంగా ఎవరూ తీసుకోవద్దు. దీన్ని అర్థం చేసుకోవడానికి మనకు గోలీ సోడా చాలు.

సోడా పుట్టింది బీరు తొట్టి మీదనే. 1767లో ఇంగ్లండులోని లీడ్స్ పట్టణంలో జోసెఫ్ ప్రీస్ట్‌లీ ఇంటి పక్కన బీరు తయారుచేసే బట్టీ ఉండేది. పులుస్తున్న తొట్టి మీద బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పొరలా నిలిచి ఉండటం గమనించిన ఆయన, ఆ పొరలో నీటిని ఒక పాత్ర నుంచి మరొక పాత్రలోకి పలుమార్లు ఒంపి, ఆ నీరు చురుకైన రుచిని సంతరించుకోవడం కనిపెట్టాడు. మా ఊరి సోడా కొట్టు యజమాని చేసిన పనీ సూత్రంలో ఇదే. నీళ్లు నింపిన సీసాలను చట్రంలో బిగించి, సిలిండరు నుంచి గ్యాసు వదిలి, చక్రం పట్టుకొని గిరగిర తిప్పేవాడు. తిప్పుతున్నంతసేపు సీసాలు తలకిందులవుతూ గ్యాసును తాగేవి, చివరకు గోలీ మూతికి అతుక్కొనేది. ఎండాకాలంలో నీళ్లు బాగా చల్లగా ఉంటేనే “గ్యాసు పడుతుంది” అనేవాడు. పీడనం పెరిగినకొద్దీ ద్రవంలో వాయువు ఎక్కువగా కరుగుతుందని 1803లో విలియం హెన్రీ ప్రకటించిన నియమాన్ని, దానిపై ఉష్ణోగ్రత ప్రభావాన్నీ కలిపి ఆయన అంత చిన్న మాటలో చెప్పాడు. ఇంటర్మీడియట్ పిల్లల చేత హెన్రీ నియమాన్ని సమీకరణంగా వల్లె వేయించే అధ్యాపకులు ఒక్కసారి తరగతిలోకి రెండు సోడాలు, ఒకటి చల్లనిదీ ఒకటి వెచ్చనిదీ, తెచ్చి గోలీ నొక్కి చూపిస్తే ఆ పాఠం వాళ్లకు జన్మలో మరపురాదు.

ఇప్పుడు పీపా దగ్గరకు వద్దాం. ఇలాంటి సంఘాలు వాడే పీపాలో 19 లీటర్ల బీరు పడుతుంది. మామూలు బీరులో దాని ఘనపరిమాణానికి రెండున్నర రెట్ల వాయువు కరిగి ఉంటుంది. అంటే ఆ పీపా లోపల దాదాపు 47 లీటర్ల వాయువు, 20 లీటర్ల నీళ్ల డబ్బాలు రెండింటిని నింపి ఇంకా మిగిలేంత, కంటికి కనపడకుండా దాగి ఉంది. దాన్ని కరిగిన స్థితిలోనే పట్టి ఉంచాలంటే పైనుంచి పీడనం కావాలి. 3 డిగ్రీల సెల్సియస్ వద్ద చదరపు అంగుళానికి సుమారు 11 పౌండ్లు సరిపోతాయి. 20 డిగ్రీల వద్ద 27 పౌండ్లు, 30 డిగ్రీల వద్ద దాదాపు 40 పౌండ్లు కావాలి. ఇవన్నీ టైరులో గాలిని కొలిచినట్టు వాతావరణ పీడనానికి అదనంగా చెప్పే లెక్కలు. డేరా నీడలో 20 డిగ్రీల వద్ద ఉన్న పీపాలో ఉండవలసిన 27 పౌండ్లు, కారు టైరులో కొట్టించే గాలికి కొంచెం తక్కువ. కుళాయి బయట ఉన్న అదనపు పీడనం సున్నా. మూరెడు గొట్టంతో ఈ రెంటినీ కలిపితే బీరు తుపాకీ గుండులా దూసుకువచ్చి గ్లాసు నిండా నురగే మిగులుతుంది.

అందుకే గొట్టం అంత పొడవు. ప్రవాహానికి గోడలతో కలిగే ఘర్షణ పీడనాన్ని అడుగడుగునా కొంచెం కొంచెంగా తినివేస్తుంది. ఇక్కడ నేను కాగితం తీసుకొని లెక్క వేశాను. గొట్టం లోపలి వ్యాసం 4.8 మిల్లీమీటర్లు, పొడవు 15 మీటర్లు, ప్రవాహం సెకనుకు 30 మిల్లీలీటర్లు అనుకొంటే వేగం సెకనుకు సుమారు 1.7 మీటర్లు, ప్రవాహం నిలకడగా సాగుతుందో సుడులు తిరుగుతుందో చెప్పే రేనాల్డ్స్ సంఖ్య దాదాపు 4,000 వస్తాయి. కనుక ఇది పొరలు పొరలుగా సాగే ప్రవాహం కాదు, సుడులు తిరిగే సంక్షుబ్ధ ప్రవాహం. అటువంటి ప్రవాహానికి వర్తించే ఘర్షణ సూత్రం ప్రకారం మీటరుకు 12 కిలోపాస్కళ్ల చొప్పున, 15 మీటర్లకు 180 కిలోపాస్కళ్ల పీడనం తరుగుతుంది. పౌండ్లలోకి మారిస్తే 26. పీపాలో ఉన్నది 27. ఏ పండితుడూ గీసి ఇవ్వకుండానే, ఉత్సవాల డేరాల్లో తడిసి ముద్దయినవాళ్ల అనుభవం ఆ యాభై అడుగుల దగ్గర స్థిరపడటం నాకు ఒళ్లు పులకరించినంత పని చేసింది. గొట్టం వ్యాసాన్ని రెట్టింపు చేసి అదే ప్రవాహాన్ని పంపితే ఘర్షణ ఇరవై ఐదో వంతు కంటే కూడా తక్కువకు పడిపోతుంది కనుక, సన్నదనం కూడా పొడవంత ముఖ్యమే.

అయితే అసలు అందం ఇంకా లోపల ఉంది. చుట్టలో ఒక బీరు చుక్క వెంట మనమూ ప్రయాణిస్తున్నామనుకోండి. దిగవలసిన మెట్లవరసలు పక్కపక్కనే రెండున్నాయి. ఒకటి చుక్క మీద వాస్తవంగా ఉన్న పీడనానిది, రెండోది వాయువును కరిగించి ఉంచడానికి కావలసిన పీడనానిది. ప్రవేశద్వారం వద్ద రెండూ 27. నడిమికి వచ్చేసరికి ఘర్షణ వల్ల మొదటిది 14కు దిగుతుంది. ఆ చోటికి బీరు 8 డిగ్రీలకు చల్లబడి ఉంటే రెండోది 15. అంటే చల్లదనం రెండో వరుసను మొదటిదానితో సమానంగా కిందికి దించుతూ వస్తోంది. చివరన మాత్రం మొదటిది సున్నాకు చేరితే రెండోది 11 దగ్గర ఆగిపోతుంది. అక్కడ బీరు అతిసంతృప్తం, అంటే ఆ పీడనం వద్ద పట్టగలిగినదానికంటే ఎక్కువ వాయువు దానిలో ఉంది, హెన్రీ నియమం ప్రకారం అది బయటికి రావలసిందే. కానీ బుడగ శూన్యంలోంచి పుట్టదు. చిన్న బుడగను తలతన్యత నలిపివేస్తుంది. దానికి ఒక గీత, ఒక మురికి రేణువు, గోడకు చిక్కుకొన్న కాస్త గాలి ఆసరాగా కావాలి. నునుపైన శుభ్రమైన స్టీలు గొట్టంలో అవి తక్కువ. చల్లని బీరు ఆ కొద్ది క్షణాలు తన వాయువును పట్టుకొని గ్లాసు దాకా వచ్చేస్తుంది. కుళాయిని సగం తెరిస్తే ఇరుకులో పీడనం ఒక్కసారిగా పడి, సుడులు రేగి, నురగ వస్తుంది. అందుకే తెలిసినవాళ్లు కుళాయిని ఒక్క గుంజుతో పూర్తిగా తెరుస్తారు.

కొత్తవాళ్లు చేసే పొరపాటు కూడా ఇక్కడే అర్థమవుతుంది. నురగ ఎక్కువైందని కంగారుపడి పీపా మీద పీడనం తగ్గిస్తారు. తగ్గించగానే వాయువు గొట్టం మొదట్లోనే, వెచ్చగా ఉన్నచోటనే విడివడుతుంది. నురగ ఇంకా పెరుగుతుంది, ఇంకా తగ్గిస్తారు. చేయవలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. పీపా వేడెక్కినకొద్దీ పీడనాన్ని పెంచాలి.

చల్లదనం లెక్క సులువు. 19 లీటర్లను 20 నుంచి 3 డిగ్రీలకు దించడానికి సుమారు 1,300 కిలోజౌళ్లు తీసివేయాలి. కిలో ఐసు కరిగితే 334 కిలోజౌళ్లు పీలుస్తుంది కనుక, ఎండకు కరిగేది కాక, పీపాకు నాలుగు కిలోల ఐసు కావాలి. పీపాలనే ఐసులో పెట్టినా ఐసు ఇంచుమించు ఇంతే పడుతుంది గానీ, లోపలి దాకా చల్లబడటానికి గంటలు పడుతుంది. ఐసు ఒక్కటే వేస్తే ముక్కల మధ్య గాలి ఉండి గొట్టానికి ఆనదు. నీళ్లు పోయాలి, మధ్యమధ్య కలపాలి. కుల్ఫీ బండివాడిలా ఉప్పు మాత్రం వేయకూడదు. సున్నాకు బాగా దిగువకు పోయి గొట్టంలో బీరే గడ్డకడుతుంది.

చల్లని బీరు మూత్రపిండాల్లో రాళ్లను కరిగిస్తుందన్న నమ్మకం మన ఊళ్లలో ఎంత గట్టిదో ఉత్తరాల ద్వారా నాకు తెలుసు. ఎక్కువగా కనిపించే కాల్షియం ఆక్సలేట్ రాళ్లను బీరు కరిగించదు. మూత్రం ఎక్కువగా పోవడం వల్ల కలిగే మేలు మంచినీళ్లతోనే కలుగుతుంది. నొప్పి ఉన్నవాళ్లు వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

ఆ పాఠకురాలి ఉత్తరం చివర మరో చిన్న ప్రశ్న ఉంది. కొంతసేపు ఎవరూ రాకపోతే, తరువాతి గ్లాసు నింపేముందు ఆ కుర్రాడు కుళాయి తిప్పి గుక్కెడు బీరును బకెట్లో పారబోశాడట, ఎందుకని. గొట్టంలో పట్టే బీరు పావు లీటరుకు కొంచెం ఎక్కువ. ఐసులో ఆగి ఉన్నంతసేపు ఆ భాగం ఇంకా చల్లబడుతుంది, దానితో ఇబ్బంది లేదు. కానీ కుళాయి ఇత్తడో స్టీలో గానీ, పెట్టె బయట ఎండలో ఉంది. దాని కడుపులో మిగిలిన ఒకటి రెండు చెంచాల బీరు వేడెక్కి వాయువును వదిలేసి బుడగలతో నిండిపోతుంది. వెనక నుంచి వచ్చే చల్లని, అతిసంతృప్తమైన బీరుకు ఆ బుడగలే ఆసరా. వాటిని కడిగి పంపడానికీ, లోహాన్ని చల్లబరచడానికీ ఆ గుక్కెడు బీరు ఖర్చవుతుంది.