మూతకు రెండు రంధ్రాలు

మే నెల మధ్యాహ్నం అక్వేరియం పైమూత ఎత్తి చూడండి. ముందు ముఖానికి కొట్టేది ఆవిరి. మూత లోపలివైపు నీటి బొట్లు, ట్యూబ్‌లైట్ పిన్నుల దగ్గర తుప్పు, చెయ్యి ఆనించలేనంతగా కాలుతున్న చోక్ (ట్యూబ్‌లైట్‌కు వెళ్లే కరెంటును అదుపు చేసే భాగం). కింద చేపలు నీటి పైపైనే తిరుగుతూ నోళ్లు తెరిచి మూస్తుంటాయి. షాపులో అడిగితే ‘ఆక్సిజన్ తగ్గింది, ఎయిర్ పంప్ పెట్టండి’ అంటారు. పంప్ పెట్టడం మంచిదే. కానీ చాలా ఇళ్లలో అసలు ఇబ్బంది ఆ మూతతోనే మొదలవుతుంది.

మన దగ్గర దొరికే మూతలు ఎక్కువగా ప్లైవుడ్‌కు సన్‌మైకా అంటించినవి, లేదా నల్ల ప్లాస్టిక్‌వి. చూడ్డానికి నీట్‌గా ఉంటాయి. దుమ్ము పడదు, బల్లి పడదు, చేప బయటికి దూకదు. కాకపోతే లైటును, చోక్‌ను, నీటిని ఒకే పెట్టెలో బిగించేసినట్టు అవుతుంది.

లెక్క వేసి చూద్దాం. మూడడుగుల మామూలు ట్యాంకులో సుమారు 100 లీటర్ల నీళ్లు పడతాయి. అన్ని నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించాలంటే దాదాపు 418 కిలోజౌళ్ల శక్తి కావాలి. రెండు 20 వాట్ల ట్యూబ్‌లైట్లు రోజుకు 8 గంటలు వెలిగితే ఖర్చయ్యేది 1,152 కిలోజౌళ్లు. చోక్‌లు తినేది దీనికి అదనం. ట్యూబ్‌లైట్ తీసుకున్న కరెంటులో వెలుగుగా మారేది ఇంచుమించు నాలుగో వంతు, తక్కినదంతా నేరుగా వేడే. ఆ వెలుగు కూడా నీళ్లలో, ఇసుకలో, మొక్కల్లో ఇంకిపోయాక చివరికి చాలావరకు వేడిగానే తేలుతుంది. మొత్తం నీళ్లకే చేరితే ఉష్ణోగ్రత సుమారు 2.8 డిగ్రీలు పెరగాలి. అంత పెరగదు, గాజు గోడల గుండా కొంత గదిలోకి పోతుంది. అయితే గదిలోనే 35 డిగ్రీలుంటే గాజు గోడలు మాత్రం ఏం చేస్తాయి?

పైగా ఈ వేడి వచ్చేది పైనుంచి. వేడి నీరు తేలిక కాబట్టి పైనే ఒక పొరలా నిలబడుతుంది. గాలిలోని ఆక్సిజన్ నీళ్లలోకి దిగాల్సిందీ ఆ పొర గుండానే. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు అది 7.5కు పడిపోతుంది. అదే సమయంలో చేప ఒంట్లో జీవక్రియలు జోరందుకుంటాయి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే చేపకు కావాల్సిన ఆక్సిజన్ ఇంచుమించు రెట్టింపవుతుంది. అవసరం పెరిగినప్పుడే సరఫరా తగ్గుతుందన్న మాట. భీమవరం వైపు చెరువుల రైతులు తెల్లవారుజామున ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిప్పేది ఈ ఆక్సిజన్ కరువు గురించే. రాత్రంతా నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కనుక తెల్లవారేసరికి అది అడుగంటుతుంది. ఇంట్లో మొక్కలు దట్టంగా పెంచే ట్యాంకుకూ ఇదే ఇబ్బంది.

నింద అంతా లైటు మీదే వెయ్యడం కూడా సరికాదు. నీళ్లలో మునిగి ఉండే ఫిల్టర్ మోటారు 15 వాట్లదనుకోండి. అది రోజుకు 24 గంటలూ తిరుగుతుంది. 15 వాట్లు 24 గంటలకు 360 వాట్ అవర్లు. పైన చెప్పిన రెండు ట్యూబ్‌లైట్లు 8 గంటలకు 320. మోటారు వేడి మూత మీదికో గదిలోకో పోయే దారి లేదు, మొత్తం నీళ్లలోకే. నీళ్లు వేడెక్కుతున్నాయని ఇంకా పెద్ద ఫిల్టర్ తెచ్చి పెట్టేవాళ్లు దీన్ని గమనించాలి.

మరి మూతకు రంధ్రాలు పెడితే ఏమవుతుంది? లైటు వేడి బయటికి పోతుంది అని వెంటనే అనేస్తాం. నిజమే, పోతుంది. ట్యూబ్‌లైట్‌కూ అది మేలు, ఎందుకంటే ఇరుకులో మరీ వేడెక్కితే దాని వెలుగు తగ్గుతుంది. కానీ అంతకంటే పెద్ద లాభం ఒకటుంది. బిగించిన మూత కింద గాలి కాసేపట్లోనే తేమతో నిండిపోతుంది. ఇక ఒక్క చుక్క ఆవిరైతే ఇంకో చుక్క మూతకు తగిలి మళ్లీ నీళ్లలో పడుతుంది. ఆవిరిగా మారేటప్పుడు తీసుకున్న వేడినంతా తిరిగి మూతకే ఇచ్చేస్తుంది. మూత తెరుచుకుని ఆ తేమ బయటికి పోయినప్పుడే నీళ్లు తమను తాము చల్లబరుచుకుంటాయి.

ఈ చల్లదనం ఎంతో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. వేసవి ఉష్ణోగ్రతల్లో ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే దాదాపు 2,430 కిలోజౌళ్లు కావాలి. ఆ శక్తిలో ఎక్కువ భాగం మిగిలిన నీటి నుంచే వస్తుంది. రోజుకు ఒక లీటరు ఆవిరైతే రాత్రీ పగలూ 28 వాట్ల చొప్పున వేడిని తోడేస్తున్నట్టే. అంటే రెండు ట్యూబ్‌లైట్లు రోజంతా ఇచ్చిన వేడికి రెట్టింపు కంటే ఎక్కువ. మూడడుగుల ట్యాంకు పైన పొడిగాలి మెల్లగా కదులుతుంటే చాలు, రోజుకు లీటరు ఆవిరవడం పెద్ద సంగతి కాదు.

పొడిగాలి అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. గడ్డిమెత్తల ఎయిర్ కూలర్ హైదరాబాద్‌లో ప్రాణం లేచివచ్చేలా చేస్తుంది, విశాఖలో పెడితే ఒళ్లంతా జిడ్డు. అక్వేరియం మూతదీ అదే కథ. 40 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 20 శాతమే ఉంటే, ఆవిరి వల్ల నీరు సిద్ధాంతపరంగా 23 డిగ్రీల దాకా చల్లబడగలదు. అదే 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉండే సముద్రతీరంలో ఆ హద్దు 30 దగ్గరే ఆగిపోతుంది. ట్యాంకు ఎక్కడా ఆ హద్దును అందుకోదు. గాజు గోడల నుంచి గది వేడి లోపలికి వస్తూనే ఉంటుంది కదా. అయినా హైదరాబాద్, కర్నూలు, ఆదిలాబాద్ లాంటి చోట్ల చిన్న ఫ్యాన్‌తో రెండు మూడు డిగ్రీలు తగ్గించడం కష్టం కాదు. విశాఖలోనో కాకినాడలోనో ఉన్నవాళ్లు ఫ్యాన్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకుండా లైటు గంటలు తగ్గించడం, గదిలో ఏసీ ఉంటే ట్యాంకును అక్కడికి మార్చడం మేలని నా అభిప్రాయం.

రంధ్రాలు ఎక్కడ పెట్టాలన్నది ఇంకో ముఖ్యమైన విషయం. ఒకే చోట గుంపుగా పెడితే గాలి కదలదు. లోపలికి వచ్చే దారి కిందుగా, నీటి మట్టానికి కాస్త పైన, ముందువైపు ఉండాలి. బయటికి పోయే దారి వెనకవైపు, మూతలో అన్నిటికంటే ఎత్తయిన చోట ఉండాలి. వేడిగాలి తేలిక కనుక పైదారి పడుతుంది. తేమగాలి కూడా పొడిగాలి కంటే తేలికే. నీటి అణువు నైట్రోజన్, ఆక్సిజన్ అణువుల కంటే బరువు తక్కువ. అందుకే లైటు ఆర్పేశాక కూడా ఈ దారిలో కొంత కదలిక ఉంటుంది. రంధ్రాలకు జాలీ కొట్టించండి, కానీ దోమల జాలీ అంత సన్ననిదైతే గాలి సగం అక్కడే ఆగిపోతుంది. బల్లి దూరనంత కన్నం చాలు.

అది చాలకపోతే కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల చిన్న ఫ్యాన్ ఒకటి బిగించవచ్చు. మూతలోంచి 20 వాట్ల వేడిని గాలి ద్వారా పంపాలంటే, గాలి 10 డిగ్రీలు వేడెక్కి పోతుందనుకున్నా సెకనుకు రెండు లీటర్ల గాలి కూడా అక్కర్లేదు. ఆ చిన్న ఫ్యాన్ అంతకు ఎన్నో రెట్లు తోస్తుంది. దాన్ని తేమగాలిని బయటికి లాగేలా కాక, గది గాలిని లోపలికి ఊదేలా పెట్టడమే నాకు నచ్చుతుంది. లాగేలా పెడితే తేమంతా దాని బేరింగుల గుండానే పోతుంది, కొన్నాళ్లకే తుప్పు పట్టి కీచుమంటుంది. ఊదే గాలి ముందు నీటి మీదుగా, తర్వాత లైటు మీదుగా వెళ్లి వెనక నుంచి బయటపడాలి. తిరగేసి పెడితే లైటు వేడిని తెచ్చి నీళ్లకు అంటించినట్టే. మూతలో 230 వోల్టుల చోక్ ఉంటే దాన్ని ఎలక్ట్రీషియన్‌తో బయటికి తీయించడం మరీ మంచిది. నీటి బొట్లు, మెయిన్ కరెంటు ఒకే పెట్టెలో ఉండటం ఎప్పుడూ టెన్షనే.

ఎల్ఈడీ వచ్చింది కదా, ఇదంతా ఎందుకు అనొచ్చు. అదే వెలుగుకు ఎల్ఈడీ సగం కరెంటు తీసుకుంటుంది. అయితే ఎల్ఈడీ వేడి వెలుగుతో పాటు కిందికి రాదు, వెనకున్న అల్యూమినియం పట్టీలోకి పోతుంది. ఆ పట్టీని మూత లోపలే బిగిస్తే వేడి మళ్లీ అక్కడే తిరుగుతుంది, ఎల్ఈడీ ఆయుష్షూ తగ్గుతుంది. లైటును మూత బయట, గాజు పలక మీదుగా కొంచెం ఎత్తులో పెట్టగలిగితే సగం సమస్య తీరుతుంది.

అన్ని చేపలకూ ఈ హడావిడి అవసరం లేదు. డిస్కస్‌కు 28 నుంచి 30 డిగ్రీలు ఇష్టం. గోల్డ్‌ఫిష్‌కు, నియాన్ టెట్రాలకు మాత్రం ఎండాకాలం గండమే. ఫైటర్, గౌరామీలు పైకొచ్చి నేరుగా గాలి కూడా పీలుస్తాయి కాబట్టి ఆక్సిజన్ తగ్గినా కొంత తట్టుకుంటాయి. ఇక అరోవానా ఉన్న ఇంట్లో రంధ్రాలు సరే కానీ మూత బరువుగా ఉండాల్సిందే, దాని దూకుడు అలాంటిది. నీళ్లు వేడెక్కాయని ఐస్ ముక్కలు వేయడం ఏ చేపకూ మంచిది కాదు. రోజంతా మెల్లగా పెరిగిన వేడి కంటే పది నిమిషాల్లో పడిపోయిన ఉష్ణోగ్రతే ఎక్కువ దెబ్బ తీస్తుంది.

ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులోని లవణాలు కావు. తగ్గినంత మేర బోరు నీళ్లు పోస్తూ పోతే ట్యాంకులో లవణాలు పేరుకుంటాయి. హైదరాబాద్ బోర్ల కింద బకెట్లకు పట్టే తెల్లటి పొరే ఇక్కడ గాజు అంచున కనిపిస్తుంది. రోజూ తగ్గిన నీటికి ఆర్వో నీళ్లు పోసి, వారానికోసారి కొంత పాత నీరు తీసి మామూలు నీళ్లు నింపితే ఆ ఇబ్బంది ఉండదు. డిసెంబరులో రాత్రి చలి మొదలయ్యాక ఫ్యాన్ ఆపి, రంధ్రాలకు అడ్డంగా ఒక అట్టముక్క పెట్టండి. లేకపోతే హీటర్ వేడి చేస్తుంటే మూత చల్లబరుస్తుంటుంది, మధ్యలో కరెంటు బిల్లు పెరుగుతుంది.