సైకిల్‌లో దాచిన ట్రాకర్: అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్ళి దగ్గర సైకిల్ సర్వీస్ షాపు నాది. ఈ మధ్య సర్వీస్‌కి ఇచ్చేటప్పుడే "అన్నా, ట్యాగ్ ఒకటి కనపడకుండా ఎక్కడైనా పెట్టివ్వు" అని అడిగేవాళ్ళు బాగా పెరిగారు. ట్యాగ్ అంటే సైకిల్ ఎక్కడుందో ఫోన్ మ్యాప్‌లో చుక్కగా చూపించే చిన్న బిళ్ళ. మంచిదే, పెట్టుకోమని నేనే చెప్తా. కానీ దీని గురించి బయట తిరిగే మాటల్లో సగం పుకార్లే, అవి నమ్మి సైకిల్ పోయిన రోజు చేయాల్సిన పని వదిలేసి చేయకూడనివన్నీ చేస్తున్నారు. ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ అదే ఫోన్, అదే ప్రశ్న, అందుకే కూర్చుని రాస్తున్నా.

అపోహ: మ్యాప్‌లో చుక్క కనపడుతోందంటే సైకిల్ దొరికినట్టే, వెళ్ళి తెచ్చేసుకోవడమే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే, కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తా.

ఆపిల్ వాళ్ళ ట్యాగ్, ఎయిర్‌ట్యాగ్, 2021 ఏప్రిల్‌లో వచ్చింది, అప్పట్నుంచీ జనం దాన్ని జీపీఎస్ అనే పిలుస్తున్నారు. అందులో జీపీఎస్ లేదు, సిమ్ లేదు, ఇంటర్నెట్ లేదు. 11 గ్రాముల బిళ్ళ అది, బ్లూటూత్‌లో సిగ్నల్ వదులుతూ ఉంటుంది, అంతే. పక్కనుంచి పోయే ఎవరిదో ఐఫోన్ ఆ సిగ్నల్ అందుకుని తను ఉన్న లొకేషన్‌ని ఆపిల్ సర్వర్‌కి పంపిస్తుంది, ఆ ఫోన్ ఓనర్‌కి కూడా ఈ సంగతి తెలీదు, అదే మీ ఫోన్‌లో చుక్కగా పడుతుంది. అంటే మీరు చూసేది దారినపోయే ఎవరి ఫోనో ఉన్న చోటు, వాళ్ళు అటు పోయిన టైమ్. చుక్కతో పాటు "ఇప్పుడే" అని ఉందా, "40 నిమిషాల కిందట" అని ఉందా అని కూడా చూడకుండా ఆటో ఎక్కేస్తారు.

సరే వెళ్ళారు, అక్కడ ఏముంటుంది? మున్నేకొళాల సందులు తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) పక్కన పీజీ, ఒక్కోటి నాలుగైదు అంతస్తులు, చుక్క ముప్పై నలభై మీటర్లు అటూ ఇటూ అయిందంటే రోడ్డుకి రెండు పక్కలా ఉన్న బిల్డింగులన్నీ అందులోకే వస్తాయి. పెద్ద అపార్ట్‌మెంట్ అయితే ఇంకా కష్టం, ఎన్నో ఫ్లోరో మ్యాప్ చెప్పదు, బేస్‌మెంట్‌లో ఉన్న సైకిల్ ఒక్కోసారి గేటు బయట రోడ్డు మీద ఉన్నట్టు చూపిస్తుంది. సెక్యూరిటీ మిమ్మల్ని లోపలికి పంపడు, పంపకపోవడం అతని తప్పు కూడా కాదు, మీ ఫోన్‌లో చుక్క చూసి ఎవరి ఇంటి తలుపూ తీయాల్సిన పని లేదు ఎవరికీ.

ఇంకో మాట. చుక్క కింద ఉన్న మనిషి చాలాసార్లు దొంగ కాదు. దొంగ ఎప్పుడో అమ్మేసి వెళ్ళిపోయి ఉంటాడు.

మదనపల్లి కుర్రాడు ఒకడు, ఇక్కడే పీజీలో ఉంటాడు, మొదటి జీతాల్లోంచి దాచుకుని కొనుక్కున్న గేర్ సైకిల్ పీజీ కింద పార్కింగ్‌లోంచి పోయింది. రాత్రి ఫోన్ చేశాడు, గొంతు వణుకుతోంది. "అన్నా, ట్యాగ్ కనపడతాంది, కుందలహళ్ళి అవతల ఒక సందులో ఉంది, మా పీజీవోళ్ళు ఆరుమంది రెడీగా ఉండారు, నువ్వూ రా అన్నా" అన్నాడు. నేను రాను, మీరూ పోవద్దు, ముందు స్టేషన్‌కి పో అని గట్టిగా చెప్పా. బిల్లు ఊళ్ళో ఉందట, ఆన్‌లైన్‌లో కొన్నది కాబట్టి మెయిల్‌లోంచి తీసుకున్నాడు, ఫ్రేమ్ నంబర్ ఫోటో నేను ట్యాగ్ బిగించినప్పుడు వాట్సాప్‌లో పంపించిందే ఉంది. కంప్లైంట్ ఇచ్చాడు, పొద్దున ఒక కానిస్టేబుల్ తోడు వచ్చాడు. సందులోకి వెళ్ళాక ట్యాగ్ మోగిస్తే మెట్ల కింద నీళ్ళ డ్రమ్ముల వెనకాల నుంచి సన్నగా కీచుమని వినపడిందట. సైకిల్ దగ్గరున్నది పక్క బిల్డింగ్‌లో నైట్ డ్యూటీ చేసే వాచ్‌మన్, డ్యూటీకి పోవడానికి టీ కొట్టు దగ్గర ఎవడో అమ్ముతుంటే కొన్నాడు, డబ్బులు యూపీఐలో పంపిన మెసేజ్ తీసి చూపించాడు. పోలీసులకి అసలు వాడి దాకా పోవడానికి పనికొచ్చింది ఆ మెసేజే. తర్వాత ఆ సైకిల్ సర్వీస్‌కి వచ్చినప్పుడు చూశా, హ్యాండిల్‌కి కుంకుమ బొట్టు, చైన్ నిండా కొబ్బరినూనె. ఎంత మురిపెంగా చూసుకున్నాడో పాపం ఆ పెద్దాయన. రాత్రిపూట ఆరుమంది కుర్రాళ్ళు ఆ మెట్ల కింద ఆయన్ని పట్టుకుని దొంగ దొంగ అని అరిచి ఉంటే ఏమయ్యేది? 2018 మేలో ఇదే బెంగళూరులో చామరాజపేటలో పిల్లల్ని ఎత్తుకెళ్ళేవాడని వాట్సాప్ పుకారు నమ్మి జనం ఒక మనిషిని కొట్టి చంపేశారు. గుంపుని వేసుకుని చుక్క వెంట పోవద్దని నేను మొత్తుకునేది అందుకే. మీకు దెబ్బలు తగిలే ప్రమాదం ఎలాగూ ఉంది, అవతలివాళ్ళకీ ఉంది.

దొంగసొత్తని తెలిసి కొంటే అదీ నేరమే, ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షన్. తెలుసా తెలీదా అన్నది పోలీసులు, కోర్టు తేల్చాలి, మనం కాదు.

కాబట్టి సైకిల్ తెచ్చిపెట్టేది కాగితం. చుక్క దారి చూపిస్తుంది, అది మీ సైకిలే అని చెప్పేది బిల్లు, ఫ్రేమ్ నంబర్. ఇవాళే సైకిల్ తలకిందులుగా పెట్టండి, పెడల్స్ మధ్యలో బాటమ్ బ్రాకెట్ కింద పంచ్ చేసిన నంబర్ ఉంటుంది, బురద తుడిచి ఫోటో తీయండి, సైకిల్ మొత్తం కనపడేలా ఇంకోటి, గీతలు పడ్డ చోట దగ్గరగా ఇంకోటి. ఒకే మోడల్, ఒకే రంగు సైకిళ్ళు ఈ ఊళ్ళో ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు.

బిల్లు ఎందుకంటే ఇంకో కారణం ఉంది. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి, దొంగతనం ఇప్పుడు న్యాయ సంహితలో 303వ సెక్షన్. పోయిన వస్తువు విలువ 5,000 రూపాయల లోపైతే అది నాన్-కాగ్నిజబుల్, అంటే మేజిస్ట్రేట్ ఆర్డర్ లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టడానికి లేదు. మీ సైకిల్ 28 వేలదైనా చేతిలో బిల్లు లేకపోతే "పాత సైకిల్ కదా, ఎంత ఉంటుంది" అంటారు, అక్కడే ఆగిపోతుంది. ఇంకా, ఆన్‌లైన్‌లో పోగొట్టుకున్న వస్తువులకి ఇచ్చే లాస్ట్ రిపోర్ట్ వేరు, దొంగతనం ఎఫ్ఐఆర్ వేరు. చాలామంది ఆ లాస్ట్ రిపోర్ట్ డౌన్‌లోడ్ చేసుకుని కంప్లైంట్ అయిపోయిందని ఊరుకుంటున్నారు. పొరపాటున ఎక్కడో పడిపోయిన వాటికి అది, దొంగతనానికి కాదు.

చుక్క ఒక స్టేషన్ పరిధి నుంచి ఇంకో స్టేషన్ పరిధికి పోతుంటే "మా లిమిట్స్ కాదు" అంటారేమోనని భయపడతారు. పోలీసులు, కోర్టులు నడుచుకునే పద్ధతుల కొత్త చట్టం, నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షన్ ప్రకారం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, జీరో ఎఫ్ఐఆర్ అంటారు దాన్నే. ఎలక్ట్రానిక్‌గా ఇచ్చినా చెల్లుతుంది, 3 రోజుల్లోపు వెళ్ళి సంతకం పెట్టాలి. కన్నడ రాదని వెనకాడొద్దు, ఈ ఊళ్ళో తెలుగు అర్థమయ్యేవాళ్ళు స్టేషన్లలో కూడా ఉంటారు, మర్యాదగా కాగితాలు ముందు పెట్టి మాట్లాడండి. మీ ఐఫోన్‌లో ఐఓఎస్ 18.2 గానీ ఆ పైది గానీ ఉంటే ట్యాగ్ లొకేషన్‌ని ఒక లింక్‌గా షేర్ చేయొచ్చు, అవతలివాళ్ళు బ్రౌజర్‌లో చూస్తారు, 7 రోజులకి దానంతటదే ఆగిపోతుంది. మీ ఫోన్ వాళ్ళ చేతిలో పెట్టి కూర్చోవాల్సిన పని లేదు.

దొరికాక కూడా వెంటనే చేతికి ఇవ్వకపోవచ్చు, ఎఫ్ఐఆర్ అయి సైకిల్‌ని సీజ్ చేస్తే కోర్టు నుంచి రిలీజ్ ఆర్డర్ తెచ్చుకోమంటారు. దానికి కంగారుపడి తిట్టుకోకండి, పద్ధతి అది. అక్కడా అడిగేది ఆ బిల్లే.

అపోహ: చుక్క ఒకచోట స్థిరపడేదాకా ఆగుదాం, అప్పుడు కంప్లైంట్ ఇద్దాం.

ఇది కూడా బాగా ముంచేస్తుంది. ఈ ట్యాగులతో ఆడవాళ్ళ వెంట పడకుండా కంపెనీలు కాపలా పెట్టాయి. తనది కాని ట్యాగ్ ఒకటి తనతోపాటు కదులుతోందని ఐఫోన్ చెప్పేస్తుంది. "దొంగ దగ్గర ఐఫోన్ ఎందుకుంటుంది అన్నా" అంటారు. ఆండ్రాయిడ్‌లో కూడా 2023 నుంచే ఈ అలర్ట్ ఉంది, 2024 మేలో ఆపిల్, గూగుల్ కలిసి ఒకే పద్ధతి తెచ్చాయి, ఆండ్రాయిడ్ 6 నుంచి పైనున్న ఫోన్లన్నిట్లో వస్తుంది. ఇది కాక, ఓనర్‌కి దూరమైన ఎయిర్‌ట్యాగ్ 8 నుంచి 24 గంటల మధ్య ఎప్పుడో ఒకప్పుడు, కదిలిస్తే దానంతటదే మోగుతుంది. మోగిందంటే దొంగ వెతుకుతాడు, పీకి మోరీలో పడేస్తాడు. మీకున్నది మొదటి కొన్ని గంటలే, రాత్రి పోతే రాత్రే 112 కి ఫోన్ చేయండి, స్టేషన్‌కి వెళ్ళండి. ఇంట్లో కూర్చుని మీరు మాత్రం సౌండ్ బటన్ నొక్కొద్దు, పక్కనే నిలబడి పోలీసులు తోడున్నప్పుడే నొక్కాలి. స్క్రీన్‌షాట్లు టైమ్ కనపడేలా తీసుకుంటూ ఉండండి.

అలర్ట్ ఇబ్బంది కాబట్టి స్పీకర్ పీకేసిన ట్యాగులు పెట్టమని అడుగుతున్నారు కొందరు. నేను పెట్టను, ఎంతిచ్చినా పెట్టను. ఆ స్పీకర్ ఒక ఆడపిల్ల బ్యాగులో ఎవడో ట్యాగ్ వేస్తే ఆమెకి తెలియడానికి పెట్టింది, సైకిల్ కోసం అలాంటి సరుకుకి గిరాకీ పెంచడం నాకు ఇష్టం లేదు. పైగా ఫోన్‌కి వచ్చే అలర్ట్ స్పీకర్ పీకినా ఆగదు.

ఎక్కడ దాచాలి అన్నదాని మీద కూడా లేనిపోని నమ్మకాలు. సీటు కింది సీట్ పోస్ట్ పైపు లోపల లోతుగా తోసేస్తే భద్రం అనుకుంటారు, స్టీల్, అల్యూమినియం, కార్బన్ ఏదైనా సరే చుట్టూ ఉంటే సిగ్నల్‌ని బాగా తినేస్తుంది, రోడ్డు మీద పోయే ఫోన్‌కి వినపడదు. ప్లాస్టిక్, రబ్బర్, ఫోమ్ చాటున పెట్టాలి. నేనైతే నీళ్ళ సీసా పెట్టే బాటిల్ కేజ్ కింద ప్లాస్టిక్ కప్పులో, లేదా సీటు ఫోమ్ అడుగున పెడతా, గతుకుల్లో గలగలలాడకుండా చుట్టూ సన్న ఫోమ్ చుట్టి. రీల్స్‌లో చూపించే రిఫ్లెక్టర్, బెల్ మౌంట్లు చాలామందికి తెలిసిపోయాయి. పెట్టాక సైకిల్‌ని పార్కింగ్‌లో వదిలి పది అడుగులు నడిచి ఫోన్‌లో కనెక్ట్ అవుతుందో లేదో చూసుకోండి.

ఆండ్రాయిడ్ వాళ్ళు ఎయిర్‌ట్యాగ్ కొనొద్దు, సెట్ చేయడానికే ఐఫోన్ కావాలి. శాంసంగ్ ట్యాగ్ గెలాక్సీ ఫోన్లకే. మిగతా ఆండ్రాయిడ్‌కి గూగుల్ నెట్‌వర్క్ ట్యాగులు ఉన్నాయి, ఫైండ్ హబ్ అని 2025లో పేరు మార్చారు, కాకపోతే ఫోన్లలో మామూలుగా ఉండే సెట్టింగ్ జనం ఎక్కువున్న చోట్లకే, చాలా ఫోన్లు అందుకుంటే తప్ప చూపించదు. ఔటర్ రింగ్ రోడ్‌లో ఓకే, నంది హిల్స్ వెనక పల్లెల్లో కష్టం. ఎయిర్‌ట్యాగ్ అయినా టెంపోలో వేసుకుని ఊరి బయట హోసకోటె దాటించేస్తే అప్‌డేట్లు తగ్గిపోతాయి, ఐఫోన్లు ఉన్నచోటే దానికి ప్రాణం.

సిమ్ ఉన్న జీపీఎస్ ట్రాకర్ వేరే జాతి, సొంతంగా లొకేషన్ పంపుతుంది, కానీ ఛార్జింగ్, రీఛార్జ్ రెండూ మీ నెత్తిన ఉంటాయి, బేస్‌మెంట్‌లో దానికీ ఆకాశం కనపడదు. ఎలక్ట్రిక్ సైకిల్‌కి బాగుంటుంది, బ్యాటరీ నుంచే కరెంట్ తీసుకుంటుంది కాబట్టి. మామూలు సైకిల్‌కి నెలకోసారి ఛార్జ్ పెట్టే ఓపిక మీకుంటేనే కొనండి.

ఫ్రేమ్ నంబర్ ఇస్తే ఫోన్ ఐఎంఈఐ నంబర్ లాగా పోలీసులు ట్రాక్ చేస్తారా అని అడుగుతారు. చేయలేరు, అది లోహం మీద కొట్టిన అంకె మాత్రమే, దొరికిన సైకిల్ మీదే అని తేల్చడానికి.

ట్యాగ్ ఉంది కదా లాక్ ఎందుకు అనేవాళ్ళకి ఒకే మాట: మంచి యూ-లాక్ వేసి, ఫ్రేమ్‌ని కదలని పోల్‌కి కలిపి బిగించండి. సన్న కేబుల్ లాక్ చిన్న కట్టర్‌కే తెగిపోతుంది.

ఇక బ్యాటరీ. సీఆర్2032 బిళ్ళ, సుమారు ఏడాది వస్తుంది, ఛార్జింగ్ ఉండదు. చిన్నపిల్లలు మింగకుండా చేదు పూత పూసిన బ్యాటరీలు కొన్ని ఉన్నాయి, పిల్లలకి మంచివే గానీ ఎయిర్‌ట్యాగ్‌లో కొన్నిసార్లు పనిచేయవు, కొత్తది వేసినా చచ్చినట్టే ఉంటుంది. కొనేముందు ప్యాకెట్ చూడండి, మార్చాక ఫోన్‌లో సౌండ్ నొక్కి మోగుతుందని విన్నాకే మళ్ళీ సైకిల్‌లో బిగించండి.