ఉగ్గుగిన్నె, డర్బన్ లెక్క

నర్సంపేట దగ్గరి పల్లెలో మా మేనత్త ఇంట్లో ఒక ఇత్తడి ఉగ్గుగిన్నె ఉంది. అరచేతిలో పట్టేంత గిన్నె, ఒక పక్కన పిట్ట ముక్కులాంటి మూతి. ఆమె ముగ్గురు పిల్లలూ దాంతోనే ఉగ్గు తాగారు. మొన్న చిన్న కూతురు తొలికాన్పుకు తల్లిగారింటికి వచ్చి ప్రసవిస్తే, మూడో రోజున గిన్నె అటక దిగింది. చింతపండు పెట్టి తళతళలాడేలా తోమి, చక్కెర నీళ్లు కలిపారు. "ఆర్నెల్లు తల్లిపాలు తప్ప ఏం పెట్టొద్దన్నరు కదా అత్తమ్మా" అన్నాను. "చెంచాడు నీళ్లకే ఏమైతది బిడ్డా? మీరందరు గట్లనే పెరగలేదా?" అంది.

అడగాల్సిన ప్రశ్నే. చెంచాడుతో ఏమవుతుందో లెక్కకట్టి చూపించినవాళ్లలో ఆనా కుట్సూడిస్ ఒకరు. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పోషకాహార పరిశోధకురాలు. డర్బన్ మనకు మరీ పరాయి ఊరేం కాదు, 1860 తర్వాత చెరకు తోటల కూలీకి ఓడలెక్కిన వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆమె లెక్క కట్టింది మాత్రం హెచ్ఐవి ఉన్న తల్లుల దగ్గర.

తల్లిపాల ద్వారా హెచ్ఐవి బిడ్డకు రావచ్చని 1985 నుంచే తెలుసు. అయితే పాలు మాన్పించి డబ్బా పాలు పట్టిస్తే సరి అనుకున్నారు. డబ్బున్న దేశాల్లో అది నడిచింది. మిగతా చోట్ల తల్లుల ముందు రెండు దారులే మిగిలాయి: తన పాలు పడితే వైరస్ భయం, డబ్బా పాలు పడితే విరేచనాల భయం. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే.

డర్బన్‌లో అప్పుడు జరిగింది అసలు విటమిన్ ఎ పరీక్ష. గర్భిణులకు ఆ విటమిన్ ఇస్తే బిడ్డకు వైరస్ సోకడం తగ్గుతుందా అని. మొత్తంగా చూస్తే తగ్గలేదు. పరీక్ష అక్కడితో ముగిసినట్టే. కానీ ఆ తల్లులు పిల్లలకు ఏమేం పట్టారో కూడా రాసిపెట్టారు. వాళ్లలో 549 మందిని మూడు గుంపులు చేసి చూస్తే, మూడు నెలల వయసుకు వైరస్ సోకిన పిల్లలు ఇలా తేలారు: తల్లిపాలు అసలే తాగని వాళ్లలో 18.8 శాతం, తల్లిపాలు మాత్రమే తాగిన వాళ్లలో 14.6 శాతం, తల్లిపాలతో పాటు నీళ్లో, టీనో, వేరే పాలో కూడా తాగిన వాళ్లలో 24.1 శాతం. అసలు తాగని వాళ్లకు సోకింది కడుపులోనో కాన్పులోనో. వాళ్లకూ అచ్చంగా తల్లిపాలే తాగిన వాళ్లకూ మధ్య తేడా గణాంకాల్లో నిలిచేంత పెద్దది కాదు. అంటే మూడు నెలలు వైరస్ ఉన్న తల్లి పాలే తాగినా అదనపు ముప్పు కనబడలేదు. కలిపి పట్టిన దగ్గరే దెబ్బ.

1999లో ఇది లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయినప్పుడు చాలామంది నమ్మలేదు. వాళ్లనీ తప్పు పట్టలేం. ఏం పట్టాలో తల్లులే ఎంచుకున్నారు, పరిశోధకులు చీటీలు తీసి పంచలేదు. కాబట్టి తేడాకు ఇంకేదో కారణం ఉండొచ్చు. ఆ అనుమానం చాలావరకు తీరడానికి ఎనిమిదేళ్లు పట్టింది. 2007లో డర్బన్ ఉన్న క్వాజులు-నాటాల్ ప్రాంతం నుంచే, పిల్లల వైద్యుడు హూసెన్ కోవాడియా బృందంలో కుట్సూడిస్ కూడా ఉండి చేసిన పెద్ద అధ్యయనం వచ్చింది. తల్లిపాలకు తోడు గట్టి ఆహారం పెట్టిన పిల్లలకు, తల్లిపాలే తాగిన వాళ్లకన్నా ముప్పు దాదాపు 11 రెట్లు.

ఎందుకలా? పసిబిడ్డ పేగు లోపలి పొర ఇంకా కుదురుకోదు, కణాల మధ్య సందులు పూర్తిగా మూసుకోవు. తల్లిపాలు ఆ పొరను కుదురుస్తాయి, వాటిలో వైరస్‌ను అడ్డుకునే పదార్థాలూ ఉంటాయి. ఇక బయటి నీళ్లతో, పిండితో క్రిములు, పరాయి ప్రోటీన్లు వెళ్లి పొరను రేపుతాయి. వాచిన ఆ చోటే వైరస్‌కు దారి. పైగా కడుపు సగం వేరేవాటితో నిండిన బిడ్డ రొమ్ము సరిగా తాగదు. పాలు గడ్డకట్టి రొమ్ము వాస్తే పాలలో వైరస్ పెరుగుతుంది. శాస్త్రవేత్తలు ఎక్కువగా ఒప్పుకునే వివరణ ఇది.

ఇప్పుడు మన పురిటిళ్లు గుర్తుచేసుకోండి. ముర్రుపాలు పిండి పారబోసి చక్కెర నీళ్లు పట్టడం, తేనె నాకించడం, వస అరగదీయడం, వీధిలోకి గాడిద పాలవాడు వస్తే ఒక గుక్క పట్టించడం, ఏడిస్తే గ్రైప్ వాటర్. ఒక్కొక్కటీ ప్రేమతోనే చేస్తారు. డర్బన్ లెక్కలో మాత్రం అవన్నీ మూడో గుంపులో పడతాయి.

డబ్బా పాలతో ఇంకో చిక్కు. పురిటింట్లో డబ్బా కనబడితే పక్కింటామె అడిగే మొదటి ప్రశ్న "పాలు పడలేదా?" రెండోది గొంతు తగ్గించి అడుగుతుంది. ఎవరికీ చెప్పుకోని జబ్బును ఆ డబ్బా చెప్పేస్తుంది. డబ్బా పాలు కలిపే నీళ్లు శుభ్రంగా లేకపోతే ఇక సరేసరి. దక్షిణాఫ్రికా పక్కనున్న బోట్స్వానాలో చేసి 2006లో అచ్చయిన పరీక్షలో ఏడు నెలలకు, డబ్బా పాల పిల్లల్లో 9.3 శాతం చనిపోయారు. మందు వేసుకుంటూ తల్లిపాలు తాగిన వాళ్లలో 4.9 శాతం. అదే ఏడు మొదట్లో అక్కడ భారీ వానలు పడి విరేచనాలు ప్రబలితే, ఎక్కువగా పోయింది డబ్బా పాల పిల్లలే.

ఇప్పుడు కథ చాలా మారింది. తల్లి రోజూ మందులు వేసుకుంటూ వైరస్‌ను అణచి ఉంచితే పాల ద్వారా సోకడం చాలా అరుదు. మన పుణె కూడా భాగమైన ప్రామిస్ అనే పరీక్షలో 12 నెలలకు అది 0.6 శాతం. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందులతో పాటు తల్లిపాలు పట్టమంది. 2016లో ఇంకో మాట చేర్చింది: మందులు వాడుతున్న తల్లి పొరపాటున కలిపి పట్టినా, పాలు మాన్పించడానికి అది కారణం కాదు. ఇది అందరికీ తెలియాలి. చెంచాడు చక్కెర నీళ్లు పోశారన్న భయంతో పాలు మాన్పిస్తే కొత్త కష్టం తెచ్చుకున్నట్టే.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో, హెచ్ఐవి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో ఇవి ఉచితం. పుట్టిన బిడ్డకు కొన్ని వారాలు సిరప్ పడతారు. ఆరో వారంలో మడమ మీద చిన్న పోటు పొడిచి, దళసరి కాగితంపై గీసిన గుండ్రాల్లో రక్తం చుక్కలు వేసి, ఆరబెట్టి ల్యాబ్‌కు పంపుతారు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు బిడ్డ ఒంట్లో నెలల తరబడి ఉంటాయి కాబట్టి, ఖాయంగా చెప్పేది 18 నెలల పరీక్ష తర్వాతే.

మా ఇంట్లో హెచ్ఐవి సంగతి లేదు. అయినా విరేచనాల విషయంలో తల్లిపాలు మాత్రమే అన్న నియమం అందరు పిల్లలకూ ఒకటే కాబట్టి ఆ రోజు అత్తమ్మకు ఇదంతా చెప్పాను. సగం విని, చక్కెర నీళ్లు తులసి చెట్టు మొదట్లో పోసింది. "ఆర్నెల్లకు అంగన్‌వాడోళ్లు బాలామృతం ఇస్తరు కదా, అప్పుడు దింపుతా తియ్" అని గిన్నెను మళ్లీ అటకెక్కించింది.