నీలం కనిపిస్తే లీకైనట్టేనా?

మెదడులో రక్తనాళాలు లీకవుతున్నాయా లేదా అని చూడటానికి ల్యాబుల్లో ఇప్పటికీ వాడే పద్ధతి చాలా పాతది. ఎలుక రక్తంలోకి ఎవాన్స్ బ్లూ అనే రంగు ఎక్కించి, నాళం దాటి ఎంత బయటికొచ్చిందో కొలుస్తారు.

1885లో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త జంతువులకు ఇలా రంగులు ఎక్కిస్తే ఒళ్లంతా రంగు పట్టింది గానీ మెదడుకు మాత్రం అంటలేదు. మెదడుకు రంగు పట్టే గుణమే లేదేమో అనుకున్నాడాయన. 1913లో ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ ట్రైపాన్ బ్లూ అనే రంగుని నేరుగా మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించాడు, మెదడు నీలమైంది, మిగతా ఒళ్లు కాలేదు. అంటే మెదడుకు రంగు పడుతుంది, రక్తం నుంచే రావట్లేదన్నమాట. మెదడు నాళాల గోడల్లో కణాలు సందు లేకుండా అతుక్కుని ఉండటమే దీనికి ముఖ్య కారణం.

ఎవాన్స్ బ్లూ రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కి అంటుకుంటుంది, కాబట్టి మనం నిజంగా కొలిచేది ఆల్బుమిన్ లీకునే. కానీ డోసు మరీ ఎక్కువైతే అంటుకోకుండా మిగిలిన రంగు 961 డాల్టన్ల (డాల్టన్ అంటే అణువు బరువుకు కొలత) చిన్న అణువుగా తిరుగుతుంది, దాని దారి వేరు. అసలు పొరపాట్లు ఎక్కువగా జరిగేది మాత్రం కడిగే దగ్గర. పూర్తి మత్తులో ఉన్న ఎలుక గుండె ద్వారా సెలైన్ పంపి, బయటికొచ్చేది తేటగా అయ్యేదాకా కడగాలి, లేకపోతే నాళంలోనే ఉండిపోయిన రంగు కూడా లీకు లెక్కలో పడుతుంది. తర్వాత మెదడు తూచి, రంగుని కరిగించే ఫార్మమైడ్‌లో నానబెట్టి వేడి చేస్తే రంగు దిగుతుంది. దాన్ని 620 నానోమీటర్ల కాంతి దగ్గర, వెలుతురు ఎంత పీల్చుకుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చూసి, గ్రాము కణజాలానికి ఎన్ని మైక్రోగ్రాములో లెక్కకడతారు.

ఆ ఒక్క అంకె చూసి సంబరపడకూడదని నా అభిప్రాయం. మెదడంతా కలిపి నూరేస్తే లీకు ఎక్కడో తెలీదు. పైగా మెదడు కాండంలోని ఏరియా పోస్ట్రీమా లాంటి చోట్ల, వెన్నుపాము పక్కనుండే నాడీ గ్యాంగ్లియాల్లో (నాడీకణాల గుంపుల్లో) నాళాలు ఆరోగ్యంగా ఉన్నప్పుడే లీకవుతాయి. పలచటి ముక్క కోసి ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోప్ కింద పెడితే ఇదే నీలం ఎర్రగా వెలుగుతుంది, నాళం గీత పక్కన ఎరుపు ఎటు చెదిరిందో కళ్లకు కనిపిస్తుంది.

సైజు కూడా చూడాలి. సోడియం ఫ్లోరోసీన్ 376 డాల్టన్లే. అది దాటి ఎవాన్స్ బ్లూ దాటకపోతే ప్రయోగం పాడైందని కాదు, సందు చిన్నదని. మనుషుల్లో ఎమ్మారై కోసం ఎక్కించే గాడోలినియం మందులూ ఎక్కువగా చిన్న అణువులే, కాబట్టి స్కాన్‌లో ఓ చోట మెరిసినంత మాత్రాన అక్కడ ఆల్బుమిన్ కూడా దాటేసిందని చెప్పలేం.