రేకు పెట్టెకు లెక్క

విజయనగరం

చిరంజీవులు బుజ్జిగాడికీ, చిన్నికీ తాతయ్య దీవెనలు.

అరచేతిలో పట్టే ఒంటి బోర్డు కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై 4కి అల్యూమినియం పెట్టె ఇంట్లోనే చేసుకోవచ్చా అని అడిగారు. భేషుగ్గా చేసుకోవచ్చు. కోతా, కన్నాలూ రెండు రేకులు పాడుచేస్తే వచ్చేస్తాయి. కొంప ముంచేది వంపు.

1.5 మి.మీ. మందం రేకు తీసుకోండి. కిటికీలు, తలుపుల సెక్షన్లు కోసే షాపుల్లో తుక్కు ముక్కలు దొరుకుతాయి. బోర్డు 85 మి.మీ. పొడవు, 56 వెడల్పు. దాని నాలుగు కన్నాల మధ్య దూరం పొడవున 58, అడ్డంగా 49. ఎం2.5 బోల్టులు, అంటే 2.5 మి.మీ. లావువి, పడతాయి.

పెట్టె రెండు ముక్కలు. ఒక దోసిలి మీద ఇంకో దోసిలి అడ్డంగా బోర్లించినట్టు ఉంటుంది. కింది ముక్కకు అడుగు, రెండు చివరి గోడలు. పై ముక్కకు కప్పు, రెండు పక్క గోడలు. కింది ముక్క అడుగు బయటి కొలతలో 90 పొడవు, 58 వెడల్పు, గోడలు 33.5 ఎత్తు. పై ముక్క కప్పు 61 వెడల్పు, 90 పొడవు, గోడలు 35.

ఇప్పుడు వంపు. 33.5, 90, 33.5 కలిపితే 157 కదా, అంత పొడవు రేకు కోస్తే పెట్టె పెద్దదైపోతుంది. వంగేచోట రేకు బయటివైపు సాగుతుంది, లోపలివైపు నలుగుతుంది, అందుకే ఒక్కో వంపుకు కొంత తీసెయ్యాలి. ఎంతో పుస్తకం చూసి కాదు, రేకును బిగించే మీ వైసునే (బల్లకు బిగించే పట్టు) అడగండి. సరిగ్గా 100 మి.మీ. పట్టీ కోసి మధ్యలో లంబంగా వంచి, రెండు కాళ్ల బయటి కొలతలు కలపండి. 102.7 వచ్చిందనుకోండి, ఒక్కో వంపుకు తగ్గింపు 2.7. అప్పుడు కింది ముక్క 157 నుంచి 5.4 పోగా 151.6, పై ముక్క 131 నుంచి 125.6. వంపు మొనదేలితే తగ్గింపు 2 దగ్గరికి వస్తుంది. మీ పట్టీ ఏం చెబితే అదే లెక్క.

కోసే గీతలకు సూది, వంచే గీతలకు మార్కరు పెన్ను. వంపు మీద సూదితో గీస్తే రేకు అక్కడే చిట్లుతుంది. హేక్సా బ్లేడు అంగుళానికి 32 పళ్లది కావాలి. పళ్లు పెద్దవైతే పల్చటి రేకును పట్టేసి చింపేస్తాయి. ఆకురాయికి సుద్దముక్క రుద్దితే అల్యూమినియం పొడి పళ్లలో ఇరుక్కోదు. డ్రిల్లు చేసేటప్పుడు రేకును చెక్క మీద బిగించండి. చేత్తో పట్టుకోవద్దు! బిట్టు అవతలికి దూరేటప్పుడు రేకును లాక్కుని గిరగిరా తిప్పుతుంది, వేళ్లు తెగుతాయి.

కన్నాలూ గాడులూ అన్నీ రేకు చదునుగా ఉన్నప్పుడే. యూఎస్‌బీ, లాన్ (ఇంటర్నెట్ వైరు) పోర్టులకు కింది ముక్క గోడలో పై అంచు నుంచి గాడి దించండి. కరెంటు, హెచ్‌డీఎంఐ (టీవీ వైరు) వైపు పై ముక్క గోడలో కింది అంచు నుంచి ఒకే పొడవైన గాడి చాలు. విడివిడిగా చిన్న కన్నాలు పెడితే ముచ్చటగానే ఉంటుంది గానీ, వైరు పిన్ను ప్లాస్టిక్ ఒళ్లు గోడకు తగిలి లోపలికి పూర్తిగా దిగదు.

రేకును వైసులో రెండు ఎల్ యాంగిల్ ముక్కల మధ్య బిగించి, చెక్క దిమ్మ ఆనించి కొట్టండి. ఇనప సుత్తి నేరుగా తగిలితే సొట్టలే. రెండో వంపుకు లోపల కొలిచి కోసిన దిమ్మ పెట్టాలి: కింది ముక్కకు 87, పై ముక్కకు 58. రేకు మొండికేసి పగులుతుంటే వంపు దగ్గర సబ్బు రుద్ది, వెనకనుంచి మంట చూపించి, సబ్బు నల్లబడగానే ఆపెయ్యాలి. శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసే ఇత్తడి పనిలోలాగా ఎర్రబడేదాకా చూద్దామంటే కుదరదు, అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర ఎరుపు చూపించకుండానే కరిగి జారిపోతుంది. ఈ మంట పని మాత్రం పెద్దవాళ్లకు వదిలెయ్యండి.

బోర్డు కింద 12 మి.మీ. స్పేసర్లు (బోర్డును పైకెత్తి ఉంచే చిన్న గొట్టాలు) పెట్టండి. ఆ ఎత్తులో 10 మి.మీ. ఎల్ యాంగిల్ ముక్కలు అడుగుకు బిగించుకోవచ్చు. పై ముక్క స్క్రూలు వాటిలోకే దిగుతాయి. కరెంటు, హెచ్‌డీఎంఐ వైపు యాంగిల్ ముక్కను యూఎస్‌బీ, లాన్ పోర్టులున్న చివరకు జరపండి, లేకపోతే గాడికి అడ్డం. బోర్డు కింద ఒక ఓహెచ్‌పీ షీటు (పల్చటి ప్లాస్టిక్ కాగితం) ముక్క పరిస్తే షార్టు భయం ఉండదు. కళింగపట్నం వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి, మామూలు ఇనపవి తుప్పుపట్టి ఇరుక్కుపోతాయి.

అల్యూమినియం ఎందుకంటే వేడి కోసం. ప్రాసెసర్ 80 డిగ్రీలు దాటితే తనంతట తానే నెమ్మదిస్తుంది. కప్పుకు లోపల ఒక అల్యూమినియం దిమ్మ బిగించి, అది ప్రాసెసర్‌కి అర మి.మీ. పైన ఆగేలా కొలవండి. ఆ సందులో 1 మి.మీ. థర్మల్ ప్యాడ్ (వేడిని దాటించే మెత్తటి ముక్క) నలిగి కూర్చుంటుంది, పెట్టె మొత్తం వేడిని బయటికి లాగేస్తుంది, ఫ్యాను గోల ఉండదు. దిమ్మ పొడవెక్కువైతే మాత్రం మూత బిగించగానే బోర్డు వంగుతుంది.

ఒక నష్టం కూడా ఉంది. ఇనుమైనా అల్యూమినియమైనా లోహపు పెట్టె వైఫైని మింగేస్తుంది. యాంటెన్నా మెమరీ కార్డు చివరన ఉంది కాబట్టి ఆ గోడ మధ్యలో పెద్ద కిటికీ కోసి, కార్డు దగ్గర సందు వదిలి ప్లాస్టిక్ ముక్క అతికించండి, కార్డు కూడా అటునుంచే తియ్యొచ్చు. లేదూ, లాన్ వైరు వాడుకోండి.

కరెంటు పెట్టేముందు మల్టీమీటరు బీప్‌లో ఉంచి, ఒక పుల్ల పెట్టెకు, ఇంకోటి 5 వోల్టుల పిన్నుకు తాకించండి. బీప్ వినిపిస్తే మూత తీసి, రేకు పొడి ఎక్కడ దాక్కుందో బ్రష్‌తో వెతకండి.

మీ తాతయ్య