మలక్కాలోని ఎర్ర చర్చి

చిరంజీవులకు ఆశీస్సులు.

ఈ సెలవుల్లో మలేషియా వెళ్తున్నారనీ, మలక్కా కూడా చూస్తారనీ తెలిసి సంతోషించాను. ఆ ఊరి నడిబొడ్డున ముదురు ఎరుపు రంగులో క్రైస్ట్ చర్చి కనిపిస్తుంది. అందరూ దాని ముందు ఫొటో దిగి వెళ్ళిపోతుంటారు. మీరు మాత్రం లోపలికి వెళ్ళి నిదానంగా చూడాలని నా కోరిక. అందుకే దాని చరిత్ర కొంచెం వివరంగా వ్రాస్తున్నాను.

మలక్కాను 1511లో పోర్చుగీసువారు గెలుచుకున్నారు. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ ఆ రేవుపై కన్నేసి, జోహోర్ సుల్తాను సాయంతో నెలల తరబడి ముట్టడించి, 1641 జనవరిలో దానిని వశపరచుకుంది. ఆ రోజుల్లో మన తీరానికీ ఆ సముద్రాలకూ దగ్గరి సంబంధం ఉండేది. మచిలీపట్నంలోనూ పులికాట్‌లోనూ స్థావరాలు పెట్టుకున్న డచ్చివారు మన నేతగాళ్ళ బట్టలను ఓడలకెత్తి ఆగ్నేయాసియా దీవులకు చేర్చి, వాటికి బదులుగా మిరియాలూ లవంగాలూ జాజికాయలూ కొనేవారు. మలక్కా జలసంధి ఆ వ్యాపారానికి కీలకమైన దారి.

గెలిచిన వెంటనే వాళ్ళు చర్చి కట్టలేదు. ఊళ్ళోని కొండ మీద పోర్చుగీసువారు 1521లో కట్టిన ప్రార్థనాలయాన్నే తమ ప్రొటెస్టెంటు పద్ధతికి మార్చుకుని, నూరేళ్ళకు పైగా అందులోనే ప్రార్థనలు చేశారు. అది పాతబడిపోవడంతో, మలక్కా తమ చేతికి వచ్చి నూరేళ్ళు నిండిన 1741లో, కొండ కింద కొత్త చర్చి కట్టాలని అక్కడ స్థిరపడిన డచ్చి కుటుంబాలవారు నిశ్చయించారు. శంకుస్థాపన చేసిన అబ్రహాం డి విండ్ మలక్కాలోనే పుట్టినవాడు. నాకు ఈ విషయం చాలా ముఖ్యమనిపిస్తుంది. వ్యాపారం చేసుకుని తిరిగి వెళ్ళిపోదామనుకునేవారు గుడి కట్టుకోరు; అప్పటికి వాళ్ళకు మలక్కాయే సొంత ఊరు. నిర్మాణానికి పన్నెండేళ్ళు పట్టి, 1753లో పూర్తయింది.

లోపలికి వెళ్ళగానే తల పైకెత్తి చూడండి. సుమారు 40 అడుగుల ఎత్తున ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరచిన దూలాలు కనిపిస్తాయి. హాలు వెడల్పు దాదాపు 42 అడుగులు. అంత పొడవునా ఒక్కొక్క దూలాన్నీ ఒక్కొక్క చెట్టు నుంచే చెక్కారు, మధ్యలో అతుకన్నది లేదు. యంత్రాలు లేని కాలంలో అంతటి మానులను వెతికి, నరికి, మోసుకొచ్చి, అంత ఎత్తుకు ఎక్కించిన పనివాళ్ళను తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. గోడల అడుగున అక్కడి లాటరైటు అనే ఎర్రరాయి, దాని మీద డచ్చి ఇటుకలు, పైపూత చైనా పద్ధతి గచ్చు, కప్పున డచ్చి పెంకులు. మీరు అడుగుపెట్టే నేలలోని గ్రానైటు పలకలు కూడా ఊరికే తెచ్చినవి కావు. సరుకు తక్కువైనప్పుడు ఓడ ఒరిగిపోకుండా అడుగున బరువుగా వేసుకొచ్చిన రాళ్ళవి. నేలలో సమాధి పలకలు కూడా ఉన్నాయి. పోర్చుగీసు, ఆర్మేనియన్ లిపులున్నవాటిని గుర్తుపట్టడానికి ప్రయత్నించండి. ఆ రేవుకు ఎన్ని దేశాలవారు వచ్చేవారో వాటిని చూస్తే తెలుస్తుంది. గంట మీద 1698 అని ఉంటుంది, అంటే అది చర్చి కంటే పాతది.

1824 ఒప్పందంతో మలక్కా ఇంగ్లీషువారి పరమయింది. 1838లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ ఈ చర్చిని ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) పద్ధతిలో తిరిగి ప్రతిష్ఠించి, క్రైస్ట్ చర్చి అని పేరు పెట్టాడు. కిటికీలను చిన్నవి చేసిందీ, ముందు వసారా కట్టిందీ ఇంగ్లీషువారి కాలంలోనే. అందరూ డచ్చివారి గుర్తుగా చెప్పుకునే ఎర్ర రంగు కూడా 1911లో వేసినదే, అంతకుముందు ఈ గోడలు తెల్లగా ఉండేవి. ఇప్పటికీ ఇక్కడ ఆరాధన జరుగుతూనే ఉంది కాబట్టి, ప్రార్థన వేళ వెళ్తే వాళ్ళకు ఇబ్బంది కలిగించకండి.

తర్వాత కొండ ఎక్కి సెయింట్ పాల్స్ శిథిలాలను కూడా చూడండి. కొత్త చర్చి పూర్తయ్యాక డచ్చివారు విడిచిపెట్టిన ప్రార్థనాలయం అదే. ఇప్పుడు దానికి పైకప్పు లేదు. గోడలకు ఆనించి నిలబెట్టిన నిలువెత్తు సమాధి పలకలపై డచ్చి కుటుంబాల చిహ్నాలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. వాటి చెక్కడపు పనిని దగ్గరగా వెళ్ళి చూడండి.

ప్రేమతో,
మీ తాతయ్య